టీవీలో సీసీ ఆన్ చేసినా కేబుల్ బాక్స్ పెట్టగానే అక్షరాలు ఎందుకు రావట్లేదు?

మీరు అడిగింది ఇదీ: ఉండేది అమెరికాలో. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు. నాన్నగారికి వినికిడి తగ్గింది, పైగా అమెరికన్ యాస చెవికి అందదు, కానీ ఇంగ్లీషు చక్కగా చదువుతారు. టీవీ సెట్టింగుల్లో క్లోజ్డ్ కాప్షన్ (సీసీ, అంటే మాటల్ని తెరమీద అక్షరాలుగా చూపేది) ఆన్ చేస్తే యాంటెన్నా చానళ్లకు వస్తోంది. కేబుల్ బాక్స్‌కు గానీ, లైబ్రరీ నుంచి తెచ్చిన డీవీడీలకు గానీ రావట్లేదు. టీవీలో ఏమైనా లోపమా అని.

టీవీలో లోపమేమీ లేదు. సిగ్నల్‌ని ఏ పెట్టె విప్పుతుందో, అక్షరాలు కూడా ఆ పెట్టే గీయాలి. యాంటెన్నా వైరు నేరుగా టీవీకి వస్తుంది కాబట్టి విప్పేది టీవీయే, అందుకే టీవీలో పెట్టిన సీసీ పనిచేసింది. కేబుల్ బాక్స్ పెట్టినప్పుడు విప్పే పని బాక్స్‌ది. అది బొమ్మనీ శబ్దాన్నీ తయారుచేసి హెచ్‌డీఎమ్‌ఐ వైరులో పంపిస్తుంది. ఆ వైరులో కాప్షన్ల సమాచారం వెళ్లే ఏర్పాటే లేదు. ఇక టీవీ రిమోట్‌లో సీసీ వందసార్లు నొక్కినా చూపించడానికి టీవీ దగ్గర ఏమీ ఉండదు. ఖరీదైన వైరు కొన్నా ఇంతే.

పాత రోజుల్లో ఈ తంటా లేదు. అనలాగ్ సిగ్నల్‌లో తెరమీద కనపడని 21వ గీతలో కాప్షన్లు దాక్కుని వచ్చేవి. అమెరికాలో 1990లో చేసిన చట్టం ప్రకారం 1993 జులై నుంచి 13 అంగుళాలు, అంతకు మించిన ప్రతి టీవీలోనూ వాటిని చదివే చిప్ ఉండాల్సిందే. బొమ్మను మోసే పాత పసుపు పిన్ను వైరు ఆ గీతను కూడా మోసుకొచ్చేది కాబట్టి బాక్స్ ఏదైనా టీవీయే చదువుకునేది. అలవాటుకొద్దీ ఇప్పటికీ అందరం టీవీ రిమోటే అందుకుంటాం.

కాబట్టి బాక్స్ రిమోట్ తీసుకుని, బాక్స్ మెనూలో ఆన్ చేయండి. ఎక్స్‌ఫినిటీ కేబుల్ వాళ్ల ఎక్స్1 బాక్స్ అయితే రిమోట్‌లో ‘బి’ మీట నొక్కితే యాక్సెసిబిలిటీ మెనూ వస్తుంది, అందులోనే ఉంటుంది. మిగతా బాక్స్‌ల్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాక్సెసిబిలిటీ అన్నచోట వెతకండి. ఇంటర్నెట్ వీడియోలు చూపే పెట్టెలైతే, రోకూలో వీడియో ఆడుతుండగా నక్షత్రం గుర్తున్న మీట నొక్కాలి. ఫైర్ టీవీలో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, క్లోజ్డ్ కాప్షన్స్. ఆపిల్ టీవీలో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, సబ్‌టైటిల్స్ అండ్ కాప్షనింగ్. అయితే యాప్‌లతో ఒక తిరకాసు ఉంది. పెట్టె సెట్టింగుల్లో మార్చేది చాలావరకు అక్షరాల రూపమే. స్విచ్ మాత్రం చాలా యాప్‌లలో దేనికదే వేరుగా ఉంటుంది, వీడియో మొదలుపెట్టాక మాటల బుడగ బొమ్మ నొక్కి ఆన్ చేయాలి.

రోకూలో ‘ఆన్ రీప్లే’ అని ఒక ఎంపిక ఉంది. మామూలుగా అక్షరాలు రావు, వెనక్కి తిప్పే మీట నొక్కితే మాత్రం ఆ కొద్ది సెకన్ల ముక్కకు వస్తాయి. ఆపిల్ టీవీలో గొంతుతో చెబితే పనిచేసే సిరిని ‘వాట్ డిడ్ హీ సే’ అని అడిగితే 15 సెకన్లు వెనక్కి వెళ్లి కాసేపు కాప్షన్లు చూపిస్తుంది. ఇంట్లో ఒకరికి అక్షరాలు కావాలి, ఇంకొకరికి అడ్డం అనుకున్నచోట ఈ రెండూ గొడవ తగ్గిస్తాయి.

డీవీడీ సంగతి వేరు. అట్ట వెనక ‘సీసీ’ గుర్తు మాత్రమే ఉండి, సబ్‌టైటిల్ భాషల జాబితాలో ఇంగ్లీషు లేకపోతే, ఆ డిస్కులో ఉన్నవి పాత 21వ గీత కాప్షన్లు. హెచ్‌డీఎమ్‌ఐలో అవి రావు, ప్లేయర్ మెనూలో ఎంత వెతికినా కనపడవు. ప్లేయర్‌కీ టీవీకీ పసుపు పిన్ను ఉంటే ఆ వైరు కలిపి, ఈసారి టీవీలో సీసీ ఆన్ చేయండి. బొమ్మ కాస్త మసకగా ఉంటుంది గానీ అక్షరాలు వస్తాయి. అట్టమీద ‘ఎస్‌డీహెచ్’ అని ఉంటే ఈ పాట్లు అక్కర్లేదు. అది వినికిడి లేనివారి కోసం చేసిన సబ్‌టైటిల్, డిస్కు మెనూలోనే ఎంచుకోవచ్చు. ఇంకోటి, పసుపు వైరు మీద బాక్స్‌లోనూ టీవీలోనూ రెండుచోట్లా సీసీ ఆన్‌లో ఉంటే అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒకచోట ఆపేయండి.

టీవీ మెనూలో సీసీ1 నుంచి సీసీ4 వరకు, టెక్స్ట్1 నుంచి టెక్స్ట్4 వరకు, ఆపైన సర్వీస్1, సర్వీస్2 అని ఉంటాయి. మొదటివి పాత పద్ధతి, సర్వీసులు డిజిటల్ పద్ధతి. ఇంగ్లీషుకు సీసీ1 గానీ సర్వీస్1 గానీ పెట్టండి. స్పానిష్ ఉంటే సాధారణంగా సీసీ3లో వస్తుంది. పొరపాటున టెక్స్ట్1 పడితే సగం తెరను నల్లటి పలక కప్పేసి, అందులో ఒక్క అక్షరమూ ఉండదు. టీవీ పోయిందని మెకానిక్‌ని పిలిచే ముందు ఇది చూసుకోండి.

పెద్దవాళ్ల కళ్లకు అక్షరాల రూపం మార్చడం అన్నిటికంటే ముఖ్యం. దీన్ని చాలామంది పట్టించుకోరు. ముందు ‘డిఫాల్ట్’ అన్నదాన్ని ‘కస్టమ్’కి మార్చాలి, లేకపోతే కింద ఏం మార్చినా చానల్ వాళ్లు పంపిన రూపమే వస్తుంది. తర్వాత తెల్ల లేదా పసుపు అక్షరాలు, వెనక నల్ల రంగు, దాని గాఢత పూర్తిగా. పారదర్శకంగా పెడితే చూడ్డానికి బాగుంటుంది గానీ, తెల్లటి క్రికెట్ జెర్సీలు గానీ మంచు కొండలు గానీ వెనక పడ్డప్పుడు తెల్ల అక్షరం కనపడదు. సైజు 150 శాతం దగ్గర మొదలుపెట్టండి. 200 పెడితే వాక్యం ఎక్కువ వరుసలకు విరిగి మాట్లాడేవాళ్ల ముఖాలమీద పడుతుంది. పెదాలు చూసి అర్థం చేసుకునే అలవాటున్నవారికి అది పెద్ద నష్టం.

నాన్నగారికి రెండు గుర్తులు చెప్పి ఉంచండి. >> అని వస్తే మాట్లాడే మనిషి మారినట్టు. ♪ వస్తే పాటో సంగీతమో.

ఇక వార్తల్లో, ఆటల్లో అక్షరాలు మాట కంటే నాలుగైదు సెకన్లు వెనకబడి, కింది నుంచి పైకి వరుసలుగా జరుగుతుంటాయి. అప్పటికప్పుడు విని టైపు చేసేవి కాబట్టి అంతే, అది సెట్టింగులతో పోదు. ముందే రికార్డయిన సీరియల్, సినిమా అయితే మాటతోపాటే రావాలి. అవి కూడా వెనకబడితే యాప్ మూసి మళ్లీ తెరవండి, లేదా బాక్స్ ప్లగ్గు తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి. యాంటెన్నాలో అక్షరాలు మధ్యమధ్య ఎగిరిపోతుంటే బొమ్మ కూడా గళ్లుగళ్లుగా విరుగుతోందేమో చూడండి. విరుగుతుంటే తప్పు సిగ్నల్‌ది, యాంటెన్నా జరపాలి.

కొన్నిసార్లు అసలు ఉండకపోవడమే సరైన సంగతి. అయిదు నిమిషాలకు మించని ప్రకటనలకు కాప్షన్లు తప్పనిసరి కాదు. రాత్రి 2 నుంచి ఉదయం 6 దాకా వేసే కార్యక్రమాలకూ మినహాయింపు ఉంది. ఊరి నుంచి దిగిన మొదటి వారం నిద్రపట్టక టీవీ పెట్టేది సరిగ్గా ఆ వేళలోనే కాబట్టి ముందే చెబుతున్నాను. నిబంధనల బరువంతా ఇంగ్లీషు, స్పానిష్ మీదే. తెలుగు చానల్‌లో సీసీ నొక్కి ఎదురుచూడొద్దు. పైగా పాత పద్ధతి కాప్షన్లలో తెలుగు లిపికి చోటే లేదు.

ఇవేవీ కాక, పగటిపూట పెద్ద చానల్‌లో కాప్షన్లు పదేపదే పోతుంటే చానల్ పేరు, కార్యక్రమం, తేదీ, టైము రాసుకుని, 60 రోజుల్లోపు కేబుల్ కంపెనీకి గానీ, టీవీ ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీకి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫోన్‌లో చెప్తే బాక్స్ రీస్టార్ట్ చేయమనడంతో సరి.

పెన్‌డ్రైవ్‌లో సినిమా వేసి తెలుగు సబ్‌టైటిల్ పెట్టాలనుకుంటే, ఎస్‌ఆర్‌టీ ఫైలుకు (సబ్‌టైటిల్ అక్షరాలుండే ఫైలు) సినిమా ఫైలు పేరే పెట్టి, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ అన్నచోట యూటీఎఫ్-8 ఎంచుకోండి. అయినా డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే ఆ టీవీలో తెలుగు ఫాంటు లేదన్నమాట. ల్యాప్‌టాప్‌లో సినిమా పెట్టి హెచ్‌డీఎమ్‌ఐతో టీవీకి కలపండి. అప్పుడు అక్షరాలు గీసేది ల్యాప్‌టాప్ కాబట్టి తెలుగు తెలుగులాగే వస్తుంది.