ముక్కు గొట్టం అంటే ఆఖరి దశ కాదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా అత్తయ్యకు 58 ఏళ్లు. వయసులో ఉన్నప్పటి నుంచి అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటు. అంగిట్లో క్యాన్సర్ అని తేలితే విశాఖలో రేడియేషన్ ఇప్పించాం. అది పూర్తయి రెండు వారాలైంది. నోరంతా పుండ్లు. రోజుకి నాలుగు గ్లాసుల చోడి (రాగి) అంబలి, కాస్త పప్పుకట్టు, తరవాణి తప్ప ఏమీ దిగడం లేదు. మూడు నెలల్లో 52 కిలోల నుంచి 46కి వచ్చేసింది. ఆహారం పోయడానికి ముక్కు గొట్టం వేద్దామని డాక్టర్లు అంటే, ఇక ఆఖరి దశేమో అని ఇంట్లో అందరికీ టెన్షన్. గుడ్డు పెడితే పుండు చీము పడుతుందని చుట్టాలు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: అమ్మా, మీరు బరువు చూసి రాసిపెట్టుకోవడం చాలా మంచి పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ‘బాగా చిక్కిపోయిందండీ’ అంటారు తప్ప ఎంత తగ్గిందో చెప్పలేరు. 52 కిలోల్లో 6 కిలోలు పోవడమంటే పదకొండు శాతం పైమాటే. ఆరు నెలల్లో 5 శాతం తగ్గినా క్యాన్సర్ రోగుల విషయంలో మేం గట్టిగా పట్టించుకుంటాం. రేడియేషన్ కదా, మామూలే అని ఊరుకునే తగ్గుదల కాదిది.

ఇప్పుడు అంబలి సంగతి. రేపు కాచేటప్పుడు పిండి ఎంత వేస్తున్నారో ఒకసారి చూడండి. పుండ్ల మీదుగా దిగాలని పల్చగా కాస్తారు. గ్లాసుకి ఒక పెద్ద చెంచా పిండి, మిగతాదంతా నీళ్లు. ఆ చెంచాడు పిండిలో ఉండేది దాదాపు 50 కేలరీలు, ఒక గ్రాము ప్రోటీన్. నాలుగు గ్లాసులు తాగినా 200 కేలరీలే. పప్పుకట్టు తేరిస్తే పప్పు అడుగున ఉండిపోతుంది, తరవాణి వంపితే అన్నం కుండలో ఉండిపోతుంది. ఆవిడ బరువుకి రోజుకి 1,150 నుంచి 1,400 కేలరీలు, 55 నుంచి 70 గ్రాముల ప్రోటీన్ కావాలి. కడుపు నిండిందని ఆవిడ నిజమే చెబుతోంది, నిండినవి నీళ్లు.

అంబలి మానిపించక్కర్లేదు. చోళ్లు మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. మొలక వచ్చిన గింజలోని ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది, అందుకే రెండు మూడు చెంచాలు వేసినా జావ చిక్కబడకుండా గొంతులో జారుతుంది. నీళ్లకు బదులు పాలతో కాచి, రెండు చెంచాల పాలపొడి, మెత్తగా కొట్టిన వేరుశనగ పొడి, చెంచా నెయ్యి కలిపి వడకట్టండి. గోరువెచ్చగా అరగ్లాసు చొప్పున రెండు గంటలకోసారి ఇవ్వండి. తరవాణి మాత్రం కొన్నాళ్లు ఆపండి, ఆ పులుపు పుండ్లను మండిస్తుంది. ఒక్క జాగ్రత్త. ఇన్నాళ్లు చాలా తక్కువ తిన్న మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ పడిపోయే ప్రమాదం ఉంది. అందుకని ముందు రక్తపరీక్ష చేయించి, డాక్టర్‌ను అడిగి నాలుగైదు రోజుల్లో నెమ్మదిగా పెంచండి.

గుడ్డు వల్ల పుండు చీము పట్టదు. మానడానికి కావలసిన కొత్త కండ ప్రోటీన్‌తోనే తయారవుతుంది. ఒక్కో గుడ్డులో 6 గ్రాములుంటుంది. బాగా ఉడికించి, పాలతో మెత్తగా మెదిపి పెట్టండి. పచ్చిగుడ్డు వద్దు. ముల్లు తీసిన చేప కూడా పెట్టొచ్చు. చుట్టాలు మంచి కోరే చెబుతారు కానీ, ఇంత చిక్కిన మనిషికి పథ్యం పేరుతో ఇవి మానిపిస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

తినిపించే ముందు నోరు చూడండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చిన్న చెంచా ఉప్పు, చిన్న చెంచా తినే సోడా కలిపి, రెండు మూడు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయమనండి. డాక్టర్ రాసిన నొప్పి మందు తినడానికి అరగంట ముందు ఇవ్వండి. చాలామంది ఇళ్లలో ఆ మందు తిన్నాక వేస్తారు, అప్పటికి ఆవిడ నొప్పికి గ్లాసు పక్కకు నెట్టేసి ఉంటుంది. తెల్లటి పొర కనిపిస్తే ఫంగస్ కావచ్చు, దానికి మందుంది.

గొట్టం సంగతికి వస్తే, అది పుండ్లు మానేదాకా వేసే దారి మాత్రమే. రేడియేషన్ ఆపేసిన వెంటనే ఆ పుండ్లు తగ్గవు, ఇంకొన్ని వారాలు పట్టొచ్చు. మింగడం వచ్చాక గొట్టం తీసేస్తారు. ఈలోగా నోటితో కొద్దికొద్దిగా మింగే అలవాటు పోనివ్వకూడదు. గొట్టంలో పోసేటప్పుడు తల, వీపు ఎత్తుగా ఉండాలి, తర్వాత కనీసం అరగంట పడుకోబెట్టకండి. ముందూ వెనకా 30 మి.లీ. నీళ్లు పోస్తే గొట్టం మూసుకుపోదు. గొట్టం మీద ముక్కు దగ్గర వేసిన గుర్తు జరిగిపోతే ఏమీ పోయకుండా నర్సుకు చూపించండి. నా మాటగా అత్తయ్యకు చెప్పండి, ఈ బరువులో నేనైతే గొట్టం వేయించమనే అంటాను.

వారానికోసారి అదే కాటా మీద, పొద్దున్నే, బరువు చూసి నోటు పుస్తకంలో రాయండి. ఏం తాగింది, ఎంత తాగింది కూడా. విశాఖ కాగితాలతో పాటు ఆ పుస్తకం పర్లాకిమిడి జిల్లా ఆస్పత్రికీ పట్టుకెళ్లండి. అక్కడి నర్సు ఒడియాలో అడిగినా, ఆ అంకెలు ఎవరైనా చదువుతారు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, నీళ్లు తాగుతుంటే పొలమారి దగ్గు తెరలు వచ్చినా, రోజంతా నీళ్లు కూడా దిగకపోయినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చుట్ట కావాలని అడుగుతోందేమో మీరు రాయలేదు. ఏళ్ల తరబడి అలవాటు, అడిగే ఉంటుంది. తిట్టకండి. కానీ నిప్పు, పొగ ఆ పుండు మీదకు మళ్లీ వెళ్లనివ్వకండి. చుట్ట మానడానికి సాయపడే మందులున్నాయి, ఈసారి వెళ్లినప్పుడు అదీ అడగండి.