జ్వరానికి ‘డిటీరియరేట్’ అతకదు

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి ఖమ్మంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. యూకే వెళ్లడానికి, వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీకి చదువుతున్నాను. రోగి పరిస్థితి దిగజారిందని చెప్పే ఇంగ్లిష్ పదాలు నలభై బట్టీ పట్టాను. అయినా ప్రాక్టీస్ లెటర్లలో వాటినే తప్పని కొట్టేస్తున్నారు. ‘ఫీవర్ డిటీరియరేటెడ్’, ‘ఊండ్ ఎగ్జాసర్బేటెడ్’ అని రాస్తే తప్పేమిటి? వీటిలో ఎక్కువ మార్కులు తెచ్చే పదం ఏది? చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు మారిపోమంటారా?

జవాబు: అమ్మా, ఆ నలభై పదాల కాగితం కాసేపు పక్కన పెట్టండి. మీ వార్డులో మీరు రోజూ మాట్లాడే తెలుగును ఒకసారి గుర్తు చేసుకోండి. జబ్బు ముదిరిందంటాం. పరిస్థితి విషమించిందంటాం. తగ్గిన జ్వరం మళ్లీ వస్తే తిరగబెట్టిందంటాం. చూపు, జ్ఞాపకశక్తి క్షీణించాయంటాం. మోకాళ్లు అరిగిపోయాయంటాం. వీటిలో ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చూడండి. ‘మోకాళ్లు విషమించాయి’ అని ఎవరూ అనరు. ‘జ్వరం క్షీణించింది’ అంటే తగ్గిందనే అనుకుంటారు. ఏ మాట దేనికి అతుకుతుందో తెలుగులో మీకు ఎవరూ నేర్పలేదు, చిన్నప్పటి నుంచి విని పట్టుకున్నారు. ఇంగ్లిష్‌లోనూ పద్ధతి అదే. కాబట్టి ఎక్కువ మార్కులు తెచ్చే పదం అంటూ విడిగా ఏదీ లేదు. దేని గురించి రాస్తున్నారో దానికి అతికే పదానికే మార్కులు.

‘డిటీరియరేట్’ విషమించడానికి దగ్గర. పేషెంట్ డిటీరియరేట్ అవుతారు, కండిషన్ అవుతుంది, కిడ్నీ పనితీరు అవుతుంది. యూకేలో ఈ మాట మీ ఉద్యోగంలో రోజూ వినిపిస్తుంది. అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన ‘న్యూస్ 2’ అనే స్కోరు ఉంది. ఊపిరి వేగం, ఆక్సిజన్ సాచురేషన్, బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్ చూసి అంకెలు వేస్తారు. మొత్తం 5కు చేరితే డాక్టర్‌ను వెంటనే పిలవాలి, 7కు చేరితే ఎమర్జెన్సీ. డిటీరియరేట్ అవుతున్న రోగిని ముందే పసిగట్టడానికే ఆ స్కోరు. అందుకే ఈ ఒక్క మాటనూ బాగా వాడుక చేసుకోమంటాను.

జ్వరానికి మాత్రం ఆ మాట అతకదు. టెంపరేచర్ ‘రోజ్’ అని రాసి, ఎంత నుంచి ఎంతకు పెరిగిందో అంకె వేయండి. మన దగ్గర 102 అని రాసేది అక్కడ 38.9 అవుతుంది. వాళ్లు సెల్సియస్‌లో రాస్తారు కాబట్టి ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

‘ఎగ్జాసర్బేట్’ దగ్గర మీరు పొరబడింది వేరే చోట. అది దానంతట అది జరిగేది కాదు, ఒకటి ఇంకొకదాన్ని ముదిరేలా చేయడం. దుమ్ము ఆస్తమాను ఎగ్జాసర్బేట్ చేస్తుంది. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఒక్కసారిగా ఎక్కువైతే దాన్నే ‘ఎగ్జాసర్బేషన్’ అంటారు. ‘అగ్రవేట్’ కూడా ఇలాంటిదే కానీ ఎక్కువగా నొప్పి దగ్గర వస్తుంది. మెట్లెక్కితే మోకాలి నొప్పి ఎక్కువవుతుంటే, మెట్లెక్కడం అగ్రవేట్ చేస్తోందన్నమాట. అరుగుదలకు ‘డిజెనరేషన్’, తిరగబెట్టడానికి ‘రీలాప్స్’. ఏదీ తోచకపోతే ‘వర్సెన్’ రాయండి. అది చిన్న మాట అని చిన్నచూపు చూడకండి, దాదాపు అన్నింటికీ అతుకుతుంది.

రెండు మాటల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. పొరబడితే మార్కులతో పోదు, రోగికే నష్టం జరగవచ్చు. ఒకటి ‘ప్రోగ్రెస్’. మనకు అది మంచి మాట, స్కూల్లో ప్రోగ్రెస్ కార్డు చూసి పెరిగాం. కానీ క్యాన్సర్ ప్రోగ్రెస్ అయిందంటే ముదిరిందని అర్థం. కేస్ నోట్స్‌లో ఈ మాట చూసి రోగి కోలుకుంటున్నారని లెటర్ రాసిన విద్యార్థులను నేను చూశాను. రెండోది ‘డిక్లైన్’. జ్ఞాపకశక్తి డిక్లైన్ అయిందంటే క్షీణించింది. పేషెంట్ ఇన్సులిన్‌ను ‘డిక్లైన్డ్’ అంటే మాత్రం వద్దన్నారని. పక్కన ఉన్న మాట చూడకుండా దీని అర్థం తేల్చుకోకండి.

ఇక రాసే మాట వేరు, రోగితో చెప్పే మాట వేరు. ఓఈటీ స్పీకింగ్‌లో రెండు రోల్ ప్లేలు ఉంటాయి కదా. అక్కడ మంచం మీదున్న మనిషితో ‘యువర్ కండిషన్ ఈజ్ డిటీరియరేటింగ్’ అంటే ఆయన బెదిరిపోతాడు, అర్థం కాకపోయినా పోవచ్చు. ‘గెటింగ్ వర్స్’ అనండి, అదీ నెమ్మదిగా. మనం పెద్దాయనతో ‘మీ పరిస్థితి విషమించింది తాతా’ అంటామా? ‘కొంచెం ఎక్కువైంది తాతా, డాక్టర్ గారు చూస్తారు’ అంటాం.

ఐఈఎల్‌టీఎస్ గురించి. యూకే నర్సింగ్ కౌన్సిల్ రెండింటినీ ఒప్పుకుంటుంది. ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్‌కు 6.5, మిగతా మూడింటికీ 7 కావాలి. ఓఈటీలో రైటింగ్‌కు సీ ప్లస్, మిగతా వాటికి బీ. అటు మారితే గ్రాఫులు, వ్యాసాలు రాయాలి. ఓఈటీలో ఇచ్చేది కేస్ నోట్స్, రాసేది మీకు తెలిసిన లెటర్. రెండేళ్ల వార్డు అనుభవం మీకు పనికొచ్చేది ఇక్కడే, కాబట్టి మారవద్దనే నా సలహా.

ఓఈటీ రైటింగ్‌లో కేస్ నోట్స్ చదవడానికి 5 నిమిషాలు, రాయడానికి 40. లెటర్ 180 నుంచి 200 మాటలు. అంత చిన్న లెటర్‌లో ఒకే అర్థమున్న పదాలు నాలుగు చూపించడానికి చోటెక్కడుంది? మీరు రాసిన గాయం వాక్యాన్నే తీసుకోండి. ‘ఎగ్జాసర్బేటెడ్’ కొట్టేసి, మీరు కళ్లతో చూసింది రాయండి: గాయం చుట్టూ ఎరుపు నిన్నటి 2 సెంటీమీటర్ల నుంచి 4కు పెరిగింది, పొద్దున నుంచి చీము కారుతోంది. ఈ రెండు ముక్కలూ తేలిక ఇంగ్లిష్‌లో పెట్టి మీ టీచర్‌కు మళ్లీ చూపించండి.