షుగర్, అంగస్తంభన: షాపులో బిళ్ల అడిగే ముందు

వయసు 46, షుగర్ వచ్చి ఏడేళ్లు, ఏడాదిగా అంగం సరిగా గట్టిపడటం లేదు, మెడికల్ షాపులో బిళ్ల తెచ్చుకోవచ్చా అని ఒకరు అడిగారు. ముందు గుండె సంగతి తేలాలి.

అంగానికి రక్తం తెచ్చే నాళాల వెడల్పు 1-2 మిల్లీమీటర్లు, గుండె నాళాలది 3-4. షుగర్ రెండింటి లోపలి పొరనూ దెబ్బతీస్తుంది. సన్నది ముందు ఇబ్బంది పెడుతుంది. అందుకే చాలామందిలో గుండెజబ్బు కంటే కొన్నేళ్ల ముందే ఇది కనిపిస్తుంది. బీపీ, ఈసీజీ, కొలెస్ట్రాల్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చూపించుకోండి. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందంటే బిళ్ల మాట మర్చిపోయి గుండె డాక్టరు దగ్గరికే వెళ్లండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతూ అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే విటమిన్ బీ12 పరీక్ష కూడా చేయించండి.

కోరిక కూడా తగ్గిందా? అయితే టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) చూడాలి. ఉదయం 8-10 మధ్య, పరగడుపున రక్తం ఇవ్వాలి. తక్కువొస్తే ఇంకోరోజు మళ్లీ. సాయంత్రం ఇచ్చిన ఒక్క రిపోర్టు పట్టుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టొద్దు. పిల్లలు కావాలనుకునేవాళ్లకైతే అసలే వద్దు, వీర్యకణాలు పడిపోతాయి.

ఇక బిళ్ల. షాపులో గొంతు తగ్గించి అడిగే మందు కదా, ఇంకేం వాడుతున్నారని అవతలివాళ్లూ అడగరు. ప్రమాదమంతా అక్కడే. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటివి వాడేవాళ్లు సిల్డెనాఫిల్, టాడలాఫిల్ అనే ఈ అంగస్తంభన బిళ్లలు ముట్టుకోకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతుంటే డాక్టరుకి చెప్పి, ఈ బిళ్లని తక్కువ డోసుతో మొదలుపెట్టాలి. బిళ్ల వేసుకున్నాక ఛాతీలో నొప్పొస్తే 108 వాళ్లకి, ఆసుపత్రిలో డాక్టరుకి బిళ్ల వేసుకున్న మాట దాచకండి.

సిల్డెనాఫిల్ గంట ముందు, వీలైతే ఖాళీ కడుపుతో వేసుకోవాలి. బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యంగా, తక్కువగా పనిచేస్తుంది. వేసుకుని ఊరికే కూర్చుంటే ఏమీ జరగదు, కోరిక కలిగితేనే పని. ఒక్కసారి వేసి లాభం లేదని పారేయకండి. డోసు సరిపోలేదా, తిండి అడ్డొచ్చిందా చూడాలి. షుగర్ ఉన్నవాళ్లలో మామూలు వాళ్లకంటే పట్టు తక్కువే, ఆ మాట నిజం.

మగవాళ్లు సిగ్గుపడి దాచే ఇంకోటి ముందరి చర్మం సంగతి. చివర ఎర్రబడటం, దురద, పెరుగు లాంటి తెల్లటి పొర, వెనక్కి లాగితే సన్నగా చీలికలు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్లలు ఒంట్లోని షుగర్‌ని మూత్రంలోకి పంపిస్తాయి కాబట్టి అక్కడ ఫంగస్ సులువుగా పెరుగుతుంది. రోజూ చర్మం వెనక్కి లాగి మంచినీళ్లతో కడిగి, పొడిగా అద్ది, మళ్లీ ముందుకి జరపాలి. సబ్బు, డెట్టాల్ వేస్తే మంట పెరుగుతుంది. 1 శాతం క్లోట్రిమజోల్ క్రీము రోజుకి రెండుసార్లు, రెండు వారాలు. తగ్గకపోయినా, చర్మం వెనక్కి రాకపోయినా యూరాలజిస్టుకి చూపించాలి. మీరు వాడే షుగర్ బిళ్లని మాత్రం సొంతంగా ఆపేయొద్దు.

వృషణాల సంచీ, మలద్వారం మధ్య వాపు, భరించలేని నొప్పి, జ్వరం కలిసొస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి.