ప్రపోజ్ ఎప్పుడు చేయించాలి అని అడిగావు కదా

అమ్మలూ,

నీ కామిక్స్ ఎపిసోడ్లు వచ్చినవన్నీ వరసగా చదివాను. బొమ్మలు చాలా బాగున్నాయి, ముఖ్యంగా కళ్ళు. ఒక్క మాట కూడా అనిపించకుండానే ఆ అమ్మాయి బిడియమంతా చూపించావు. చివర్లో నువ్వు రాసిన ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను: "పెద్దమ్మా, హీరో ఎన్నో ఎపిసోడ్‌లో ప్రపోజ్ చేస్తే బాగుంటుంది?"

కామిక్స్ స్క్రిప్టులు దిద్దడమే ఇన్నేళ్ళుగా నా పని కాబట్టి ఈ ప్రశ్న చాలామంది నోట విన్నాను. నంబరు సంగతి తర్వాత. ముందు ఇది ఆలోచించు. ఆ మాట అనడానికి అతను, విని ఒప్పుకోవడానికి ఆమె, మొదటి ఎపిసోడ్‌లో ఎలా ఉన్నారో అలాగే ఉంటే సరిపోతుందా? సరిపోతుందంటే మొదట్లోనే అనిపించేయ్, ఆ తర్వాతదంతా సాగదీతే అవుతుంది. సరిపోదంటే, వాళ్ళలో ఏం మారాలో అదే నీ కథ. ఇప్పటిదాకా నువ్వు గీసినదాంట్లో అది నాకు కనిపించలేదు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తున్నారు, అంతే. ఎదురుచూపుతో నాలుగు ఎపిసోడ్లు నడుస్తాయి కానీ సీరీస్ నడవదు.

నాకు ప్రాణమైన సీరీస్ ఏదో నీకు తెలుసు, రుమికో తకహాషి గీసిన మెజోన్ ఇక్కొకు. 1980 నుంచి 1987 దాకా జపాన్‌లో బిగ్ కామిక్ స్పిరిట్స్ పత్రికలో వచ్చింది. పుస్తకాలుగా మొదట 15 సంపుటాలు వేశారు. నువ్వు నవ్వుకోవడానికి అక్కడక్కడా తిరగేశావు గానీ మొదటి నుంచి చివరిదాకా చదివినట్టు లేవు. ఈసారి చదువు. నీ ప్రశ్నకు జవాబు అందులో ఉంది.

ఒక పాతబడిన అద్దె ఇల్లు. అందులో 5వ నంబరు గదిలో కాలేజీ ఎంట్రన్స్ తప్పిన కుర్రాడు గొడాయ్. చుట్టుపక్కల గదులవాళ్ళు చదువుకోనివ్వడం లేదని ఖాళీ చేసి పోబోతుంటాడు. అప్పుడే ఆ ఇంటిని చూసుకోవడానికి క్యోకో వస్తుంది. ఆమెను చూసి ఆగిపోతాడు. అంటే ప్రేమలో పడడం మొదటి చాప్టర్‌లోనే అయిపోయింది. ఆ మాట చెప్పడం కూడా ఎంతో ఆలస్యం కాదు. తొలి సంపుటాల్లోనే తప్పతాగి, వీధి వీధంతా వినబడేలా ఆమె పేరు పెట్టి ప్రేమిస్తున్నానని అరుస్తాడు. నువ్వు ఎన్నో ఎపిసోడ్‌లో పెట్టాలా అని తల బద్దలు కొట్టుకుంటున్న సీను అది. దానివల్ల కథలో ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. చదివేవాళ్ళు నవ్వుకుని పేజీ తిప్పేస్తారు. ఎందుకంటే ఆ మాట వెనక నిలబడే మనిషి ఇంకా తయారు కాలేదు.

మరి ఏడేళ్ళూ ఏం జరిగింది? కుర్రాడు కాలేజీలో చేరాడు, బయటికొచ్చాడు. ఉద్యోగమిచ్చిన కంపెనీ చేరేలోపే మూతపడింది. పసిపిల్లల్ని చూసుకునే చోట పార్ట్‌టైమ్ దొరికింది. తర్వాత క్యాబరేలో పనిచేసే ఆడవాళ్ళ పిల్లల్ని చూసుకునే పని చేశాడు. అక్కడే తనకు పిల్లలతో మెలగడం వచ్చని, అదే తన పని అని తెలుసుకున్నాడు. చదివి పరీక్ష పాసై నర్సరీ టీచరయ్యాడు. వీటిలో ఏదీ క్యోకోను మెప్పించడానికి పెట్టిన ఫీటు కాదు. ఆమె చూడని చోట, రోజూ చేసే పనిలో అతను ఎదిగాడు. నీ హీరోకి ఉద్యోగం ఉందని రాశావు. అతను ఆఫీసులో ఏం చేస్తాడు, ఎవరితో మాటపడతాడు, ఏ పని చేతకాక తిప్పలు పడతాడు? ఒక్క ప్యానెల్‌లో కూడా లేదు. హీరోయిన్ కనిపించినప్పుడు మాత్రమే బతికి ఉండే మనిషి మారలేడమ్మా.

ఇక క్యోకో. నన్నడిగితే ఆ సీరీస్‌కి ప్రాణం ఆమే. చిన్న వయసులో పెద్దవాళ్ళను ఎదిరించి ప్రేమించి పెళ్ళి చేసుకుంది. ఏడాది తిరక్కుండానే భర్త సోయిచిరో పోయాడు. ఇంట్లో కుక్క పేరు కూడా సోయిచిరోనే, కాబట్టి ఆ పేరు రోజూ వాకిట్లో వినబడుతూనే ఉంటుంది. ఇక్కడ తకహాషి చేసిన ఒక పని నువ్వు బొమ్మలు గీసేదానివి కాబట్టి దగ్గరగా చూడాలి. సోయిచిరో ఫొటోల్లో ఉంటాడు, జ్ఞాపకాల్లో ఉంటాడు, కానీ అతని ముఖం మనకు ఎక్కడా కనిపించదు. నీడ కమ్మేస్తుంది, లేదా ఏదో ఒకటి అడ్డొస్తుంది. గొడాయ్ పోటీ పడాల్సింది ముఖం లేని మనిషితో. అతనికెంత నిస్సహాయంగా ఉంటుందో మాటల్లో చెప్పనక్కర్లేకుండా గీతతోనే చెప్పేసింది.

క్యోకో అంత ఓర్పుగల దేవతేం కాదు. గొడాయ్‌కి వేరే అమ్మాయి ఫోన్ చేస్తే మొహం మాడ్చుకుని వచ్చి చెబుతుంది. అసూయ అని ఒప్పుకోదు, కోపం మాత్రం దాచుకోలేదు. పాఠకులుగా మనకు ఒక్కోసారి ఆమె మీద విసుగొస్తుంది కూడా. రానీ. ఆమెకు ఇష్టం లేక కాదు, మళ్ళీ ప్రేమిస్తే మొదటి ప్రేమ అబద్ధమైపోతుందేమో అని భయం. ఆ భయం తీరడానికి అన్నేళ్ళు పట్టడం న్యాయమే అనిపిస్తుంది నాకు.

చివరికి పెళ్ళికి ముందు గొడాయ్ సోయిచిరో సమాధి దగ్గరికి వెళతాడు. ఆమె మనసులో నువ్వున్నావు, నీతో సహా ఆమెను స్వీకరిస్తాను అన్న అర్థం వచ్చేలా పోయినవాడితో మాట్లాడతాడు. క్యోకో ఆ మాటలు వింటుంది. అప్పుడు వీధిలో అరిచినవాడూ ఇతనే. ఇప్పుడు ఈ మాట అనగలిగినవాడూ ఇతనే. ఈ రెండు సీన్లకీ మధ్య ఉన్న దూరం ఉంది చూశావూ, ప్రేమకథ అంటే నాకు అదీ. ఆమె అతన్ని అడిగేది కూడా చూడు: తనకంటే ఒక్క రోజైనా ఎక్కువ బతకమని. వేరే ఏ హీరోయిన్ నోటి నుంచైనా ఈ మాట వస్తే డైలాగులా ఉండేది. క్యోకో అంటే మనకు గొంతు పట్టేస్తుంది, ఎందుకో ముందు పేజీలన్నీ చెప్పాయి కాబట్టి.

రెండో హీరో గురించి కూడా అడిగావు. అతన్ని దుర్మార్గుణ్ణి చేయకు, అది సులువైన దారి. మెజోన్ ఇక్కొకులో మితాకా అందగాడు, డబ్బున్నవాడు, టెన్నిస్ కోచ్, మంచివాడు కూడా. అతని ఇబ్బందల్లా కుక్కలంటే చచ్చేంత భయం. క్యోకో ఇంట్లోనేమో కుక్క ఉంది. ఆ భయం పోగొట్టుకోవడానికి ఇంట్లో తనూ ఒక కుక్కను పెంచుతాడు. ఓడిపోబోయే మనిషికి కూడా రచయిత్రి ఎదిగే అవకాశం ఇచ్చింది. అందుకే అతను ఎవరిని చేసుకున్నా మనం చల్లగా ఉండమని కోరుకుంటాం.

అపార్థాల విషయంలో ఆ సీరీస్‌ని కూడా వెనకేసుకు రాను, మధ్యలో కొంచెం ఎక్కువే అయ్యాయి. కానీ అవి మనుషుల స్వభావంలోంచి వస్తాయి. గొడాయ్ ఎవరికీ కాదని చెప్పలేడు, అందుకే ఆ ఫోన్ చేసే అమ్మాయి తామిద్దరం ప్రేమలో ఉన్నామనుకుంటుంది. నీ కథలో అపార్థం ఎలా వచ్చింది? మెసేజ్ వెళ్ళలేదు, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. అది ఫోన్ తప్పు, మనిషి తప్పు కాదు. దాన్ని తీసెయ్.

ఇక నాకు నిజంగా బాధ కలిగించిన సీను. ఆ అమ్మాయి వద్దని వెళ్ళిపోతుంటే నీ హీరో చెయ్యి పట్టి గోడకు ఆనించి "నన్ను చూసి చెప్పు" అంటాడు. చుట్టూ పూలు గీశావు. ఇలాంటివి చాలా సీరీస్‌లలో ఉంటాయని నాకూ తెలుసు, లైకులు కూడా వస్తాయి. కానీ ఆమె కళ్ళలో నువ్వు గీసింది బెదురు. అది నీ చేతికి తెలిసింది, నీ స్క్రిప్ట్‌కి తెలియలేదు. నీ హీరో ఎదగాల్సింది సరిగ్గా ఇక్కడే అనిపిస్తోంది నాకు. వద్దంటే ఆగడం అతనికి చేతకాదు. పోనీ, మొదట్లో చేతకానివ్వు. కానీ అది తప్పని కథ ఒప్పుకోవాలి, ఆ అమ్మాయి కొన్ని ఎపిసోడ్లు అతనితో మాట్లాడకూడదు. ఆమె ప్రేమే అతన్ని బాగుచేస్తుందని మాత్రం రాయకు. అతని పని అతనే చేసుకోవాలి.

ఒక చిన్న పద్ధతి చెబుతాను. ఏదైనా ఒకే చోటు తీసుకో, వాళ్ళ బస్టాపు అనుకో. ఒకే కోణంలో మూడుసార్లు గియ్యి: కథ మొదట్లో, మధ్యలో, చివర్లో. మాటల బుడగలు పెట్టకు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, మధ్య ఎంత జాగా ఉంది, చేతులు ఎక్కడ పెట్టుకున్నారు, ఎవరు ముందు తల తిప్పారు, ఇవి మాత్రమే మారాలి. మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టినప్పుడు ఏం జరిగిందో కథ తెలియనివాళ్ళకి కూడా అందితే, నీకు సీరీస్ ఉన్నట్టే. అందకపోతే ఇంకా ఎపిసోడ్లు అప్‌లోడ్ చేయకు. ఎంత టెన్షన్‌గా ఉన్నా సరే, వారం ఆలస్యమైతే చదివేవాళ్ళు ఎక్కడికీ పోరు.

ఆ గోడ సీను మళ్ళీ గీసి ముందు నాకు పంపు. రంగులు వద్దు, పెన్సిల్ గీతలు చాలు. ఈసారి ఆమె నడిచి వెళ్ళిపోవాలి, అతను అక్కడే ఉండిపోవాలి. అతనా చేతిని ఏం చేసుకుంటాడో ఒక్క ప్యానెల్‌లో చూపించు. ప్రపోజ్ ఎన్నో ఎపిసోడ్‌లో పెట్టాలో అది చూశాక ఇద్దరం కూర్చుని లెక్కేద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ