Re: 200 మెగాపిక్సెల్ అని కొంటే 12 మాత్రమే వస్తోంది, నన్ను మోసం చేశారా?

మోసమేం లేదండీ, మీ గెలాక్సీ ఎస్24 అల్ట్రా బాగానే పనిచేస్తోంది. మెయిన్ కెమెరా సెన్సర్‌లో 200 మెగాపిక్సెల్స్ నిజంగానే ఉన్నాయి, కానీ ఒక్కో పిక్సెల్ చాలా చిన్నది. అందుకే మామూలుగా ఫోన్ పదహారు పిక్సెల్స్‌ను కలిపి ఒకటిగా లెక్కేస్తుంది. 200ని 16తో భాగించి చూడండి, 12.5 వస్తుంది, మీ 12 అక్కడే దొరుకుతుంది. ఇలా కలపడం వల్లే రాత్రిపూట, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద కూడా ఫోటో శుభ్రంగా వస్తుంది.

పూర్తి 200 కావాలంటే కెమెరా తెరిచి, ఫోటో మోడ్‌లో 12ఎమ్ అని ఉన్న గుర్తు నొక్కి 200ఎమ్ ఎంచుకోండి. పక్కనే 50 కూడా ఉంటుంది, నాకైతే అదే నచ్చుతుంది. 200 మాత్రం మంచి ఎండలో, గుడి గోపురం లాంటి కదలని వాటికే వాడండి. ఫైల్ సైజు బాగా పెరుగుతుంది, పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపితే అదెలాగూ కుదించేస్తుంది. దూరంగా ఉన్నవాటికి 3ఎక్స్, 5ఎక్స్ బటన్లు వాడండి, వాటికి వేరే లెన్సులున్నాయి.

ఛార్జింగ్ నెమ్మది అన్నారు కదా, పాత ఛార్జర్‌తో అంతే. పీపీఎస్ (ఫోన్‌కు కావలసినట్టు వోల్టేజీని సర్దుబాటు చేసే ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి) ఉన్న 45 వాట్ల అడాప్టర్, 5 ఆంపియర్ల కేబుల్ రెండూ కావాలి. డబ్బాలో అడాప్టర్ ఇవ్వలేదన్న మీ కోపం మాత్రం న్యాయమే.