52లోంచి 17 పోతే 45: బడిదా తప్పు, పిల్లాడిదా?

ప్రశ్న: మా బాబు సర్కారు బడిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. ఈ ఏడాది గోడలకి రంగులు వేశారు, కొత్త బెంచీలు వచ్చాయి, క్లాసులో పెద్ద స్క్రీన్ కూడా పెట్టారు. కానీ 52లోంచి 17 తీసేయమంటే 45 అని రాస్తాడు. తిట్టినా, రెండు తగిలించినా మళ్లీ అదే. ప్రైవేటుకి మార్చమని ఇంట్లో ఒకటే పోరు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రెండు తగిలించడం ఆపండి. తర్వాత ఆ 45ని తీరిగ్గా చూడండి. ఒకట్ల దగ్గర రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసి ఐదు వేశాడు, పదుల దగ్గర ఐదులోంచి ఒకటి పోతే నాలుగు. అంటే 'ఎప్పుడైనా పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలి' అని తనకి తాను ఓ రూలు పెట్టుకున్నాడన్నమాట. అనుమానం ఉంటే 81లోంచి 36 తీయమనండి, బహుశా 55 అంటాడు. ఇది పరధ్యానం కాదు, తప్పు రూలుని బుద్ధిగా పాటించడం. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పిల్లల తీసివేతల్ని తరచి చూసి, చాలా తప్పుల వెనక ఇలాంటి పద్ధతే ఉంటుందని చూపించారు.

పుల్లలు పదేసి కట్టండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి పదిహేడు ఇవ్వమనండి. ఒక కట్ట ఇస్తాడు, ఇంకో ఏడు కావాలి, చేతిలో రెండే ఉన్నాయి, కాసేపు బిక్కమొహం వేస్తాడు. మీకు నోరు దురద పెడుతుంది, అయినా చెప్పకండి. ఎప్పుడో ఒకప్పుడు కట్ట విప్పుతాడు. బళ్లో 'అప్పు తెచ్చుకో' అంటారే, అది ఇదేనని అప్పుడు చెబితే చాలు.

ఇక బడి సంగతి. రంగులు, బెంచీలు రావడం మంచిదే, పిల్లలు నేల మీద కూర్చోవాలని ఎవరంటారు? కానీ 45 ఎందుకు వచ్చిందో గోడ చెప్పదు. ముంబై, వడోదరల్లో సర్కారు బళ్ల పిల్లల్లో వెనకబడిన వాళ్లని రోజూ సుమారు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, ఆ ఊళ్ల అమ్మాయిల చేతే చదవడం, లెక్కలు మొదటినుంచీ చెప్పించారు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన ఈ పనిని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో (2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చినవాళ్లే) మరో ఇద్దరితో కలిసి పరిశీలించి 2007లో ప్రచురించారు. మార్కులు పెరిగాయి, అందరికన్నా వెనకున్న వాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. స్క్రీన్‌ని ఆడిపోసుకోవడం లేదు, వడోదరలోనే కంప్యూటర్లో లెక్కల ఆటలు కూడా పనిచేశాయి, కాకపోతే అవి పిల్లాడికి ఎంత వస్తే దాన్ని బట్టి కష్టం మార్చుకునే ఆటలు. అందరికీ ఒకే వీడియో వేసి చూపించడం వేరే సంగతి.

కాబట్టి నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి టీచర్ని కలవండి. 'మా వాడికి ఎన్ని మార్కులు' అనకండి, 'వీడు ఇక్కడ ఆగిపోయాడు, ఇలాంటి పిల్లలు ఇంకెంతమంది ఉన్నారు, రోజూ ఓ గంట వాళ్లని విడిగా కూర్చోబెట్టగలరా' అని అడగండి. మరో నలుగురు తల్లిదండ్రులు తోడుంటే ఆ మాటకి బరువొస్తుంది. ప్రైవేటు బళ్లోనూ తప్పు ఎందుకు వచ్చిందో చూసేవాళ్లు లేకపోతే ఆ 45 మీద ఎర్ర ఇంటూ పడుతుంది, అంతే.

ప్రశ్న: మా పాపకి వారానికోసారి స్లిప్ టెస్ట్ పెడుతున్నారు. ముందురోజు రాత్రి నుంచే టెన్షన్. ఆపమని అడగనా?

జవాబు: టెస్టు వద్దనకండి, మార్కులు అందరి ముందూ చదవద్దనండి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకి ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లదే పైచేయి. ఇంట్లో కూడా పుస్తకం మూసి 'ఇవాళ ఏం చెప్పారు' అని మామూలుగా అడుగుతూ ఉండండి, అలవాటైతే ఆ రాత్రి కంగారు కొంతైనా తగ్గుతుంది. దిద్దిన పేపరు ఇంటికి పంపకపోతే మాత్రం గట్టిగా అడగండి.