పాత క్రాసోవర్ పీకేసే ముందు అది ఏం చేస్తోందో చూడండి

పాత ఆల్టెక్ థియేటర్ స్పీకర్లు దొరికాయి, లోపలి క్రాసోవర్ (బేస్‌నూ పై స్వరాలనూ విడదీసి పంచే పెట్టె) తీసేసి, ఆ పనిని యాంప్‌లకు ముందే చేసే యాక్టివ్ క్రాసోవర్‌తో, రెండు యాంప్‌లతో నడిపితే సౌండ్ బాగుపడుతుందా అని అడిగారు. బాగుపడుతుంది. న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఆల్టెక్ ఏ7 జత అలాగే నడుస్తోంది. మళ్లీ పాత పద్ధతికి వెళ్లే ప్రసక్తే లేదు. కానీ వీడియోల్లో "డీఎస్పీ కొనండి, వైర్లు మార్చండి, అయిపోయింది" అనేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. డీఎస్పీ అంటే యాక్టివ్ క్రాసోవర్ పనిని డిజిటల్‌గా చేసే పెట్టె.

ఆ పాత పెట్టె బేస్‌ను వూఫర్‌కీ, పై స్వరాలను హార్న్‌కీ పంచి ఊరుకోదు. హార్న్ సహజంగానే వూఫర్ కంటే చాలా గట్టిగా పలుకుతుంది, దాని జోరు తగ్గించేదీ ఆ పెట్టే. అది తీసేసి యాంప్‌ను నేరుగా హార్న్‌కు కలిపితే పాట కంటే ముందు యాంప్ లోపలి రొద వినపడుతుంది. మా ఇంట్లో ఏ పాటా పెట్టకుండానే హార్న్‌లోంచి సుయ్‌మని ఒకటే హోరు. పైన వంటగదిలోంచి మా ఆవిడ "కింద ట్యాప్ కట్టేయలేదా?" అని కేకేసింది.

దీనికి చాలామంది క్రాసోవర్‌లో హార్న్ లెవెల్ తగ్గిస్తారు. పాట తగ్గుతుంది, రొద తగ్గదు. అది పుట్టేది ఆ తర్వాత ఉన్న యాంప్‌లో కదా! తగ్గించాల్సింది యాంప్‌కీ డ్రైవర్‌కీ (శబ్దం పుట్టించే భాగం, ఇక్కడ హార్న్ వెనకది) మధ్యన. నాది 16 ఓమ్‌ల డ్రైవర్. దానికి సిరీస్‌లో 11 ఓమ్‌లు, డ్రైవర్‌కు ప్యారలల్‌గా ఏడున్నర ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. పది డెసిబెల్స్ పడిపోయాయి, యాంప్‌కు మాత్రం ఇంకా 16 ఓమ్‌లే కనిపిస్తాయి. ఇప్పుడు కుర్చీలో కూర్చుంటే ఏ రొదా లేదు. "రెసిస్టర్ పెట్టాక ఇక అది యాక్టివ్ ఎలా అవుతుంది?" అని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ హార్న్ ముందు ఒక గంట కూర్చున్నవాళ్లు కారని నా గట్టి నమ్మకం.

ఆ రెసిస్టర్లకు ముందు ఒక కెపాసిటర్ కూడా తప్పనిసరి. యాంప్ ఆన్ చేయగానే వచ్చే 'ధబ్' చాలు, డ్రైవర్‌లో కదిలి శబ్దం చేసే పలచని అల్యూమినియం పొర, డయాఫ్రమ్, పోవడానికి. బేస్‌నూ పై స్వరాలనూ 800 హెర్ట్జ్ దగ్గర విడదీస్తుంటే, 16 ఓమ్‌లకు 50 మైక్రోఫారడ్‌లు పెట్టండి. దాని కోత 200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది కాబట్టి పాటకు పెద్దగా అడ్డురాదు.

అసలు కష్టం టైమింగ్‌తో. ఘంటసాల గారి పద్యం పెడితే గొంతులోని గాంభీర్యం కింది పెట్టెలోంచి, స, శ అక్షరాలు పైన హార్న్‌లోంచి విడివిడిగా వచ్చేవి. రెండు డ్రైవర్లూ మన చెవికి ఒకే దూరంలో లేవు మరి. ఒక మిల్లీసెకను అంటే దాదాపు 34 సెంటీమీటర్లు. దీన్ని చెవితో సరిచేయడం అయ్యే పని కాదు, కొలత మైక్ కొనండి. క్రాసోవర్‌లో ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ కోసే లింక్‌విట్జ్-రైలీ రకం ఫిల్టర్లు పెట్టి, హార్న్ పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పేసి, డిలే, అంటే ఒక డ్రైవర్ శబ్దాన్ని ఆపి పంపే ఆలస్యం, కొద్దికొద్దిగా మారుస్తూ గ్రాఫ్ చూడండి. అలా తిప్పినప్పుడు రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కాబట్టి గుంట ఎంత లోతైతే టైమింగ్ అంత కుదిరినట్టు. నాకైతే చాలాసేపు 800 దగ్గర ఏదో చిన్న గుంట, అంతే. ఇంకాస్త డిలే పెంచగానే ఆ గుంట నిట్టనిలువుగా బావిలా దిగింది. పోలారిటీ మళ్లీ సరిచేసి అదే పద్యం పెడితే గొంతు ఒక్కచోటి నుంచే వచ్చింది. వేలు పోసి కేబుళ్లు మార్చేవాళ్లు ఈ ఒక్క పని ఎందుకు చేయరో నాకర్థం కాదు.

మీకు ఇంకా ఎంపిక చేసుకునే అవకాశం ఉంటే, 1976 నాటి జేబీఎల్ 4343 వంటివి చూడండి. బైయాంప్ (రెండు యాంప్‌లతో నడిపే) స్విచ్ కంపెనీయే పెట్టింది. 300 హెర్ట్జ్ కింద వూఫర్ ఒక్కటే విడిపోతుంది, పైవాటికి లోపలి క్రాసోవరే కాపలా. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆనాటి జేబీఎల్ వూఫర్లలో ఎర్ర టెర్మినల్‌కు ప్లస్ ఇస్తే కోన్ లోపలికి వెళ్తుంది, అంటే పోలారిటీ ఇప్పటి పద్ధతికి తలకిందులు.

ఈ మధ్య పాత క్రాసోవర్లను విడిగా అమ్ముకునేవాళ్లు ఎక్కువయ్యారు, చూస్తే ఒళ్లు మండుతుంది. మీరు అమ్మకండి. ముందు దానితోనే స్పీకర్‌ను మైక్ పెట్టి కొలిచి ఆ గ్రాఫ్ దాచుకోండి. యాక్టివ్ సెట్ చేసేటప్పుడు పోల్చుకోవడానికి మీ దగ్గరుండే ఆధారం అదొక్కటే.